పక్కన పునాది తవ్వకముందే

(సంఘం వార్షిక సమావేశంలో కార్యవర్గం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల గురించీ, కుట్టుమిషన్ల గురించీ, పేదింటి నికాహ్‌ల గురించీ చెప్పుకోవడం మనకు మామూలు. ఈసారి గోడల గురించి మాట్లాడమని కార్యవర్గం మమ్మల్ని ఆదేశించింది. "గోడల గురించి ఏముంటుంది సాబ్ మాట్లాడటానికి, గోడలకు చెవులుంటాయంటారు, అంతేగా" అని ఒక పెద్దమనిషి నవ్వారు. చెవుల సంగతి ఏమోగాని, గోడకు నోరు లేదన్న సంగతి మాత్రం మనం అనుభవం మీద తెలుసుకున్నాం. దాని తరఫున మనమే మాట్లాడాలి. మనం మాట్లాడాలంటే చేతిలో కాగితం ఉండాలి. ఈ పూట మేము చెప్పదలచుకున్నదంతా ఆ కాగితం గురించే.

ముందుగా మన కళ్లముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాం. 2018లో మస్జిద్ వెనుక సందులో పాత గోడౌను పడగొట్టి, ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు పని మొదలుపెట్టారు. అడుగున సెల్లారు. ఆ గోతికీ మన ఖాలా ఇంటికీ మధ్య ఉన్న జాగా మూడడుగులు. ఖాలా అంటే ఎవరో మీకందరికీ తెలుసు. పేరు చెప్పడం ఆవిడకు ఇష్టం ఉండదు కనుక చెప్పం. భర్త పోయిన తరువాత ముందు గదిలో పిల్లలకు ఖురాన్ చదివిస్తూ, జాకెట్లు కుట్టుకుంటూ ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషి. ఇల్లు మామగారి కాలం నాటిది. ఇటుక గోడలు, సున్నపు గచ్చు, పైన మద్రాసు టెర్రస్.

గొయ్యి పదడుగులు దిగేసరికి వానలు పట్టాయి. నీళ్లు తోడటానికి రాత్రింబవళ్లు మోటార్లు ఆడాయి. వారం తిరగకుండానే ఖాలా వంటింటి గోడలో, కిటికీ మూల నుంచి పైకప్పు దాకా, ఏటవాలుగా బీట పడింది. పెరటి తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోయింది. ముందు గది గోడలో మరొక బీట.

మేం నలుగురం కలిసి బిల్డరు దగ్గరికి వెళ్లాం. ఆయన కుర్చీలు వేయించి, టీ ఇప్పించి, మర్యాదగానే అడిగారు: "పెద్దలు వచ్చారు, సంతోషం. కాని ఆ బీటలు మా పనివల్లే వచ్చాయనడానికి రుజువేమిటి? అది పాతకాలపు ఇల్లు. ముందునుంచీ ఉండి ఉండవచ్చు కదా?" ఆయన మాటలో దురుసుతనం లేదు. న్యాయంగానే అడిగారు. మా దగ్గర జవాబు లేదు. నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అప్పుడు ఖాలా చిన్నమ్మాయి అత్తవారింటి నుంచి తన పెళ్లి ఆల్బమ్ తెచ్చింది. పని మొదలు కావడానికి నాలుగు నెలల ముందు జరిగిన నికాహ్ అది. దుల్హన్ వెనుక ముందు గది గోడ మొత్తం కనిపిస్తోంది. కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు, సీరియల్ లైట్లు. బీట మాత్రం లేదు. ఆల్బమ్ ఆఫీసులో పెట్టగానే బిల్డరు గారి ఇంజనీరు రెండుసార్లు తిరగేసి చూశాడు, ఇక మాట్లాడలేదు. ముందు గది గోడ వాళ్ల ఖర్చుతోనే బాగుచేయించారు.

మరి వంటింటి గోడ? పెళ్లి ఫోటోలు వంటింట్లో ఎవరు తీయించుకుంటారు? అసలు దెబ్బతిన్నది వంటిల్లే. దానికి రుజువు లేదు. సంఘం నిధి నుంచి కొంత ఇచ్చాం, జుమా రోజున కొంత చందా వసూలు చేశాం. చాలని డబ్బుకు ఖాలా తన చేతి గాజులు రెండు అమ్ముకుందని మాకు ఏడాది తరువాత గాని తెలియలేదు. మన వార్షిక లెక్కల్లో జమాఖర్చులన్నీ పైసాతో సహా ఉన్నాయి. ఆ రెండు గాజులు మాత్రం ఏ పద్దులోనూ లేవు. ఒక్క పూట పని, పాతిక ఫోటోలు, ఒక కాగితం, రెండు సంతకాలు ఉంటే ఆ గాజులు ఆవిడ చేతికే ఉండేవి.

ఇక అసలు విషయానికి వద్దాం. పక్కవాడు తన స్థలంలో తవ్వితే మన గోడ ఎందుకు పగులుతుంది? మన ఇంటి పునాది కింద మట్టి ఉన్నదున్నట్టు నిలబడటానికి చుట్టుపక్కల మట్టి ఆసరా కావాలి. పక్కన గొయ్యి తీస్తే ఆ ఆసరా పోతుంది. మట్టి గోతివైపు కాస్త జరుగుతుంది, దానితోపాటు పునాదీ జరుగుతుంది. రెండవది, గోతిలో నీళ్లు తోడేకొద్దీ చుట్టూ భూమిలో నీటి మట్టం పడిపోతుంది, బంకమట్టి కుంగుతుంది. మూడవది అదురు. పైల్స్ దిగగొట్టే యంత్రాలు, రాయి పగలగొట్టే బ్రేకర్లు, రోడ్డు రోలర్లు, బరువు లారీలు.

దీనికి తోడు మనది నల్లరేగడి నేల. గుంటూరు ప్రాంతంలో ఇల్లు కట్టినవారెవరికైనా ఇది తెలిసిన సంగతే. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. అందుకని ఎవరూ పక్కన పార పట్టకపోయినా, మే నెలలో మన గోడల్లో నెర్రెలు విచ్చుకుంటాయి, వానాకాలంలో మూసుకుంటాయి. ఎండవేడికి స్లాబు సాగడం వల్ల దాని కింద గోడలో అడ్డంగా సన్నని గీత పడుతుంది. ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వలలాగా సన్నని పగుళ్లు వస్తాయి. ఇవి మన ఇంటి సొంత బీటలు. వీటిని పక్కవాడి ఖాతాలో వేయడం న్యాయం కాదు. పునాది కుంగినప్పుడు వచ్చేవి ఎక్కువగా కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా పోతాయి, ఒక చివర వెడల్పుగా, మరో చివర సన్నగా ఉంటాయి.

పాత బీటకూ కొత్త బీటకూ తేడా మన మేస్త్రీలకు తెలుసు. పాతదాని లోపల దుమ్ము ఉంటుంది, సాలెగూడు ఉంటుంది, వెనుకటి సున్నమో రంగో లోపలికి దిగి ఉంటుంది. కొత్తదాని అంచులు పదునుగా, లోపల ఇటుక రంగు శుభ్రంగా కనిపిస్తుంది. కాని ఈ గుర్తులు ఎంతకాలమో నిలవవు. ఆరు నెలలు గడిస్తే కొత్తదీ పాతదైపోతుంది. అందుకే ముందే రాసి పెట్టుకోవాలంటున్నాం.

అదురు విషయంలో ఒక మాట. మిషన్ నడుస్తుంటే అల్మారాలో గ్లాసులు గలగలమంటాయి, మన గుండె గలగలమంటుంది. మనిషి శరీరం చాలా సున్నితమైనది. నేల సెకనుకు ఒక మిల్లీమీటరు కంటే తక్కువ వేగంతో కదిలినా మనకు తెలుస్తుంది. గనుల్లో పేలుళ్లకు సంబంధించి గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన సర్క్యులర్‌లో, తక్కువ పౌనఃపున్యం గల అదురుకు మామూలు ఇళ్ల దగ్గర సెకనుకు 5 మిల్లీమీటర్లు, చారిత్రక కట్టడాల దగ్గర 2 మిల్లీమీటర్లు హద్దుగా పెట్టారు. అంటే మనకు తెలిసిన అదురంతా గోడకు దెబ్బ కాదు. అలాగని అసలు దెబ్బ ఉండదనీ కాదు. ఏది ఏమిటో చెప్పడానికి భయం పనికిరాదు, కొలత కావాలి.

దూరపు ఉదాహరణ కూడా ఒకటి చెప్పుకుందాం. కలకత్తాలో బౌబజారు అనే పాత పేటలో, 2019 ఆగస్టు 31న భూగర్భ మెట్రో సొరంగం తవ్వే యంత్రం నీటిపొరను తాకింది. నీరూ మట్టీ సొరంగంలోకి కొట్టుకువచ్చి, పైన సందుల్లో ఉన్న పాత ఇళ్లు బీటలువారాయి, కొన్ని కూలిపోయాయి. వందలమంది కట్టుబట్టలతో హోటళ్లకు చేరారు. 2022లో మళ్లీ రెండుసార్లు, మే నెలలోనూ అక్టోబరులోనూ, అక్కడే ఇళ్లకు పగుళ్లు వచ్చాయి. అంత పెద్ద సంస్థ, అంతమంది ఇంజనీర్లు ఉన్నచోటే అలా జరిగితే, మన సందులో సెల్లారు తవ్వే మేస్త్రీని నమ్ముకుని ఊరుకోవడం ఎంతవరకు సబబు?

ఏం చేయాలో వరుసగా చెబుతాం. యువకులు కాస్త శ్రద్ధగా వినాలి, ఈ పని చేయవలసింది మీరే.

మొదటిది, పక్కన పని జరగబోతున్నదని తెలియగానే, పార దిగకముందే, ఇల్లంతా ఒకసారి చూసుకోవాలి. బయట వీధి గోడతో మొదలుపెట్టి కుడిచేతి వైపుగా చుట్టూ తిరిగి రావాలి. తరువాత లోపల ఒక్కొక్క గది, ప్రతి గదిలోనూ గుమ్మంతో మొదలుపెట్టి అదే వరుస. గదులకు అంకెలు వేసుకోవాలి. ఒక తెల్లకాగితం మీద ఇంటి పటం గీసి, ఏ ఫోటో ఎక్కడ నిలబడి తీసిందో ఆ అంకె వేయాలి. ఇలా వరుస పెట్టుకోకపోతే వంద ఫోటోలున్నా ఏ గోడ ఏదో తరువాత మనకే తెలియదు.

రెండవది, బీట ఉన్న గోడనే కాదు, బీట లేని గోడనూ ఫోటో తీయాలి. ఖాలా వంటింటి కథ గుర్తుంచుకోండి. రేపు బీట ఎక్కడ వస్తుందో అల్లాకే తెలుసు. పిట్టగోడ, మెట్లు, ప్రహరీ, నీళ్ల ట్యాంకు, బాత్‌రూమ్ పలకలు, మురుగు పైపు అతుకులు, బోరు, బావిలో నీళ్ల లోతు, ఏ తలుపు సాఫీగా పడుతుంది, ఏది బిగుసుకుంటుంది, అన్నీ రాయాలి. మస్జిద్ అయితే మినార్లు, మెహ్రాబ్ గోడ, వజూ హౌజు మరచిపోవద్దు. ఖబ్రస్తాన్ అయితే ప్రహరీ మొత్తం.

మూడవది, బీట ఉన్నచోట మూడు ఫోటోలు. గోడ మొత్తం ఒకటి, నాలుగడుగుల దూరం నుంచి ఒకటి, దగ్గరగా ఒకటి. దగ్గరి ఫోటోలో బీట పక్కన స్కేలు పెట్టాలి. అది లేకపోతే రూపాయి బిళ్ల పెట్టినా ఫరవాలేదు. ఆనాటి దినపత్రిక మొదటి పేజీ కూడా ఒక ఫోటోలో పడేట్టు చూడాలి. పెన్సిలుతో బీట రెండు కొసల దగ్గరా చిన్న గీత గీసి తేదీ వేయాలి. బీట ఆ గీత దాటి పోయిందంటే పెరుగుతున్నట్టే.

నాలుగవది కొలత. బ్రిటన్‌లోని భవన పరిశోధనా సంస్థ ఇళ్ల బీటలను వెడల్పును బట్టి తరగతులుగా విభజించింది. 1 మిల్లీమీటరు దాకా అత్యల్పం, 5 దాకా స్వల్పం, 5 నుంచి 15 దాకా మధ్యస్థం, 15 నుంచి 25 దాకా తీవ్రం, ఆపైన అతి తీవ్రం. ఈ లెక్క మన రిపోర్టులో వాడితే అవతలి ఇంజనీరుకు మన భాష అర్థమవుతుంది. "పెద్ద బీట" అంటే ఆయన నవ్వుతాడు. "పడమటి గోడ, కిటికీ కుడి మూల, 3 మిల్లీమీటర్లు" అంటే రాసుకుంటాడు. బీట కదులుతున్నదో లేదో తెలియాలంటే, మన పెద్దలనాటి పద్ధతే ఉంది. పలుచని గాజుపలక ముక్కను బీటకు అడ్డంగా సిమెంటుతో అంటించి తేదీ రాయడం. గోడ కదిలితే గాజు పుటుక్కుమంటుంది. గోడ ఒరిగిందో లేదో మేస్త్రీ గుండు వేలాడదీసి చూస్తాడు, నేల వాలిందో లేదో నీళ్ల ట్యూబు పట్టి చూస్తాడు. ఆ అంకెలు కూడా కాగితం ఎక్కాలి.

ఐదవది, ఒక్కసారి చూసి ఊరుకోకూడదు. పనికి ముందు ఒకసారి, గొయ్యి పూర్తి లోతుకు దిగినప్పుడు ఒకసారి, గోతిలో గోడలు లేచి మట్టి పూడ్చిన తరువాత ఒకసారి, పనంతా అయ్యాక ఒకసారి. మన నల్లరేగడి కనుక ఒక వానాకాలం గడిచాక ఇంకొకసారి. ప్రతిసారీ మొదట నిలబడ్డ చోటే నిలబడి అవే ఫోటోలు.

ఆరవది, దాచడం. ఫోన్లో తీసిన అసలు ఫోటోను చెరపకూడదు, దాని మీద గీతలు గీయకూడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిక్కిపోతుంది, దాని కడుపులో ఉండే తేదీ వివరాలు పోతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపాలి. ఒక కాపీ పెన్‌డ్రైవులో, ఒక కాపీ సంఘం బీరువాలో, కాగితం మీద అచ్చువేసింది ఒకటి ఇంట్లో. కాగితం మీద ఇంటివారి సంతకం, పొరుగువారి సాక్షి సంతకం, వీలైతే పని చేయించేవారి మనిషి సంతకం. వాళ్లు సంతకం పెట్టకపోతే గొడవ వద్దు. ఒక కాపీ వాళ్ల చిరునామాకు, ముట్టినట్టు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు దాచుకోవాలి.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ఇంటి లోపలికి పరాయి మగవాళ్లు వచ్చి ఫోటోలు తీయడమేమిటని. సరైన సందేహమే. అందుకే మన అమ్మాయిలకు ఈ పని అప్పగించాం. ఒకమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది, ఒకమ్మాయి డిగ్రీ చదువుతోంది. ముందురోజు కబురు చేసి, ఇంటి ఆడవాళ్ల అనుమతితోనే లోపలికి వెళతారు. ఫోటోలో మనిషి పడకూడదు, బీరువా తెరిచి ఉండకూడదు. తీసిన ప్రతి ఫోటో వెళ్లేముందు ఇంటి ఇల్లాలికి చూపించాలి. ఈ షరతులు పెట్టుకున్నాక ఒక్క ఇంటివారు కూడా కాదనలేదు. పైగా బిర్యానీ పెట్టి పంపారని మాకు ఫిర్యాదు వచ్చింది, ఆ పూట పని ఆలస్యమైందని!

ఇదంతా ఫలించిందా అని మీరడగవచ్చు. 2023లో మన పెద్దవీధిలో మురుగు కాలువ కోసం లోతుగా కందకం తవ్వినప్పుడు 17 ఇళ్లకూ, మస్జిద్‌కూ, మదరసాకూ ముందే ఈ రికార్డు తయారు చేశాం. పనయ్యాక 9 ఇళ్లవారు వచ్చి మా గోడ పగిలిందన్నారు. అమ్మాయిలు పాత ఫోటోలు ముందు పెట్టుకుని ఒక్కొక్క ఇల్లూ చూశారు. 5 ఇళ్లలో కొత్త బీటలే. ఒక ఇంట్లో పాత బీట 1 మిల్లీమీటరు నుంచి 3 మిల్లీమీటర్లకు పెరిగింది. మిగతా 3 ఇళ్లలో ఏ మార్పూ లేదు, ముందున్నదే ఉన్నది.

ఆ మూడింట్లో ఒకటి మాది.

దాచుకోవలసిన పని లేదు, చెబుతాం. రోలరు వచ్చాకే ఆ బీట వచ్చిందని మా ఇంట్లో అందరూ గట్టిగా అన్నారు. మేమూ అన్నాం. అబద్ధం ఆడాలని కాదు, నిజంగా అలాగే నమ్మాం. అమ్మాయి ఫోన్ తెరిచి, "చాచా, ఇదిగో చూడండి" అని మెల్లగా చూపించింది. పని మొదలు కావడానికి పది రోజుల ముందు తీసిన ఫోటో. మా అల్మారా పక్కన అదే బీట, దాని పక్కన రూపాయి బిళ్ల. ఎన్నేళ్లనుంచి ఉందో! నేల అదరడం మొదలయ్యాకే మనిషి తన గోడల వంక చూస్తాడు. అప్పుడు కంటపడినవన్నీ అప్పుడే పుట్టినట్టు అనిపిస్తాయి. కన్ను మోసం చేయకపోయినా జ్ఞాపకం మోసం చేస్తుంది.

ఆ 3 ఇళ్లనూ మేమే జాబితానుంచి కొట్టివేసి, 6 ఇళ్ల వివరాలే కాంట్రాక్టరుకు ఇచ్చాం. అంతవరకూ మా మాట చెవిన పెట్టని ఆయన ఇంజనీరు, కొట్టివేసిన మూడు పేర్లు చూసి, "ఇవి ఎందుకు తీసేశారు?" అని అడిగాడు. చెప్పాం. ఆ తరువాత మిగతా ఆరింటి గురించి ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. నెలరోజుల్లో బాగుచేయించారు. ఖాలా ఇంటి విషయంలో రుజువు లేక ఓడిపోయాం. ఇక్కడ మనకు వ్యతిరేకంగా ఉన్న రుజువును కూడా బయటపెట్టబట్టి గెలిచాం.

చట్టం సంగతి క్లుప్తంగా. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, సహజ స్థితిలో ఉన్న భూమికి చుట్టుపక్కల నేల ఇచ్చే ఆసరా యజమాని హక్కు. ఇల్లు కట్టి బరువు పెట్టిన నేల విషయంలో, 20 ఏళ్లు ప్రశాంతంగా, ఆటంకం లేకుండా హక్కుగా ఆ ఆసరా పొందినవారికి అది 15వ సెక్షన్ కింద సంక్రమిస్తుంది. పక్క భూమి ప్రభుత్వానిదైతే 30 ఏళ్లు. కనుక పాత ఇంటిపన్ను రసీదులు చెదలకు వదిలేయకండి, మీ ఇంటి వయసుకు అవే సాక్షులు. కోర్టుకు వెళ్లవలసి వస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ 9వ రూలు కింద స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి కమిషనర్‌ను వేయమని అడగవచ్చు. ప్రభుత్వం మీద దావా అయితే 80వ సెక్షన్ కింద మామూలుగా రెండు నెలల నోటీసు ముందుగా ఇవ్వాలి. ఫోన్ ఫోటోలను రుజువుగా పెట్టేటప్పుడు, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతపరచాలి. గడువులుంటాయి కాబట్టి ఆలస్యం చేయక వకీలు సలహా తీసుకోండి. అయితే మా అనుభవంలో, కాగితాలు సరిగ్గా ఉన్నవాడికి కోర్టు మెట్లెక్కే అవసరం తక్కువ.

పని చేయించేవారికి కూడా ఈ రికార్డు మేలే. కాంట్రాక్టర్లు తీసుకునే ఆల్ రిస్క్ బీమాలో, ఆసరా తొలగడం వల్ల పొరుగు కట్టడానికి కలిగే నష్టాన్ని విడిగా చేర్పించుకోవలసి ఉంటుంది. పని మొదలు కాకముందు ఆ కట్టడం స్థితిపై రిపోర్టు తయారుచేసి ఉండాలన్నది అలాంటి నిబంధనల్లో ఉండే షరతే. కనుక మనం వెళ్లి "కలిసి చూద్దాం రండి" అంటే, అది తగాదాకు పిలుపు కాదు. ఇద్దరికీ రక్ష.

ఒక హెచ్చరిక. బీట ఒక్కసారిగా పెరిగినా, తలుపులు హఠాత్తుగా బిగుసుకున్నా, పైకప్పు పెచ్చులు రాలుతున్నా, గోడలో చిటపట శబ్దం వచ్చినా ఫోటోలకోసం ఆగవద్దు. పిల్లలనూ ముసలివాళ్లనూ తీసుకుని బయటికి వచ్చేయండి. తరువాత ఇంజనీరును పిలవండి. ప్రాణానికి రికార్డు లేదు.

చివరగా దీన్ సంగతి. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసిపెట్టుకోండి, సాక్షులను పెట్టుకోండి అని సూరా బఖరా 282వ ఆయత్‌లో ఆదేశం ఉంది. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అదే. రాసుకోవడం అంటే ఎదుటివాడిని అనుమానించడం కాదని, ఇద్దరినీ తగువునుంచి కాపాడటమని దాని భావం మనకు అర్థమవుతుంది. సూరా నిసా 135వ ఆయత్‌లో, సాక్ష్యం మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకే వ్యతిరేకమైనా న్యాయం వైపే నిలబడమన్నారు. మా అల్మారా పక్కన బీట చూసిన రోజున ఆ ఆయత్ మాకు మొదటిసారి పూర్తిగా అర్థమైందని చెప్పుకోవడానికి సిగ్గుపడం. అదే సూరాలో 36వ ఆయత్ దగ్గరి పొరుగువాడికీ దూరపు పొరుగువాడికీ మేలు చేయమంటుంది. పొరుగువాడు మన మతం వాడా కాదా అన్న ప్రశ్న అక్కడ లేదు.

కాబట్టి ఇది మనకు రెండువైపులా వర్తిస్తుంది. మన మొహల్లాలోనే మేస్త్రీలున్నారు, కాంట్రాక్టర్లున్నారు. మనమూ ఇళ్లు కడుతున్నాం, మేడల మీద మేడలు వేస్తున్నాం. రేపు మన గొయ్యి పక్కన ఎవరో ఒక ముసలామె ఇల్లు ఉంటుంది. ఆమెకు ఫోటో తీయడం తెలియదు. గొయ్యి తవ్వేముందు మనమే వెళ్లి, "అమ్మా, మీ గోడలు చూసి రాసుకుంటాం, మావల్ల ఏమైనా జరిగితే బాధ్యత మాది" అని ఒక కాపీ ఆమె చేతిలో పెట్టాలి. ఆ పని చేసిన రోజున ఖాలా గాజుల బాకీలో కొంతైనా తీరుతుంది.

ఈ ఏడు కార్యవర్గం తీర్మానం ఇది: సంఘం సభ్యుల ప్రతి ఇంటికీ, పక్కన పని ఉన్నా లేకున్నా, ఒకసారి ఈ రికార్డు తయారు చేయాలి. ముందు ఒంటరి ఆడవాళ్ల ఇళ్లు, ముసలివాళ్ల ఇళ్లు, ఆ తరువాతే మిగతావి. ఇంటి స్థితి పత్రం నమూనా ఆఫీసులో ఉచితంగా ఇస్తారు. అసర్ నమాజ్ తరువాత రోజూ ఒక గంటసేపు అమ్మాయిల బృందం ఆఫీసులో ఉంటుంది. పేరు రాయించుకోండి. మొదటి పేరు ఖాలాది, రెండవ పేరు మాది. మా ఇంటి పాత బీటతో సహా.

అల్లాహ్ మన ఇళ్లను, మన పొరుగువారి ఇళ్లను చల్లగా కాపాడుగాక. మన సాక్ష్యాన్ని నిజమైనదిగా నిలుపుగాక. ఆమీన్. వస్సలామ్.